మేకులు కొట్టిన తుపాకీ

పాత సైనికుల క్లబ్బులో ఉన్న తుపాకీ తనది కాదని హెర్బ్ టల్లీ ఎంత మొత్తుకున్నా ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో ఎవరూ నమ్మలేదు. చివరికి ఆయన కూతురు నోరీన్ డిటెక్టివ్ ఎనిడ్ క్వేల్ దగ్గరకు వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జపాన్‌కు ఇనుమూ లేదు, తీరికా లేదు. అప్పటి తుపాకులు ఆకురాయి గీతలతోనే బయటికొచ్చాయి. భుజానికి ఆనే మడమకు ఇనుపరేకు బదులు చెక్క పెట్టి మేకులు కొట్టేశారు. సేకరించేవాళ్లు ఇప్పుడు ఆ మొరటుతనం కోసమే పడిచస్తారు. సైనికుడిగా హెర్బ్ బోర్నియో నుంచి తెచ్చుకున్న తుపాకీ అలాంటిదే. దాన్ని క్లబ్బు ప్రదర్శనకు ఇచ్చాడు. అధ్యక్షుడు వెర్న్ గొట్టంలోకి చూస్తే లోపల అద్దంలా మెరిసింది. చివరి తుపాకులకు గొట్టంలో ఆ క్రోమియం పూత ఉండదు. మంచి తుపాకీని చెడగొట్టి మోసం చేయబోయాడని హెర్బ్‌ను వెలివేయడానికి సభ పెట్టారు.

"అసలు యుద్ధానికే వెళ్లలేదేమో అంటున్నారండీ. నాన్న గడప దాటడం లేదు," అంది నోరీన్.

ఎనిడ్ తన సహాయకుడు డగ్‌ను వెంటబెట్టుకుని బయలుదేరింది. ఆ తుపాకీ అమ్మమని హెర్బ్‌ను చాలాసార్లు అడిగానని వెర్న్ దాచకుండా చెప్పాడు. తన దగ్గర జపాన్ సరుకు ఒక్కటీ లేదు, అదే తన ఏడుపట. ప్రదర్శనకు ముందు తుపాకులన్నీ శుభ్రంగా తుడిచిన క్లైవ్‌ది వడ్రంగి షెడ్డు. జపాన్ తుపాకీని తానెప్పుడూ కొనలేదన్నాడు అతను. అక్కడ జిగురు పెట్టిన పలకల మీద బరువుకోసం ఒక వంపు తిరిగిన ఇనుపరేకు ఉంది.

"ఇది భలే ఉంది. మా తలుపుకి అడ్డం పెట్టుకుంటాను, ఇస్తారా?" అంది ఎనిడ్.

క్లైవ్ ఒక్క క్షణం తడబడ్డాడు. "తుక్కేగా, పట్టుకెళ్లండి."

తలుపుకి రేకెందుకో డగ్‌కు అర్థం కాలేదు. కానీ ఎనిడ్ కళ్లలో ఆ మెరుపు కనబడితే ప్రశ్నలు వేయకూడదని అతనికి తెలుసు.

సభ రోజు హాలు నిండింది. హెర్బ్ ఆఖరి వరసలో తలవంచుకు కూర్చున్నాడు. ఎనిడ్ తుపాకీని బల్లమీద పెట్టి ఉలితో మడమ చెక్కను ఊడదీసింది. కింద పూడ్చేసిన పాత మరమేకుల రంధ్రాలు రెండు బయటపడ్డాయి.

"వెర్న్ గారు చూసింది నిజమే. ఇది యుద్ధం తొలి రోజుల మంచి తుపాకీ. దీని రేకు పీకి, చెక్క కొట్టి చివరి రోజులదానిలా చేశారు. ఆ రేకు ఎక్కడ దొరికిందో డగ్, నువ్వే చెప్పు."

"క్లైవ్ షెడ్డులోనండీ," అన్నాడు డగ్. ఆ క్షణాన అతనికి అంతా తెలిసిపోయింది.

ఎనిడ్ రేకును మడమ మీద ఆనించింది. వంపుకు వంపు, రంధ్రానికి రంధ్రం సరిపోయాయి.

"జపాన్ తుపాకీ కొనలేదన్నారు, క్లైవ్. మరి దాని రేకు మీకెలా వచ్చింది? తుడిచే పని మీది, చెక్కపనీ మీది. హెర్బ్ గారిది దాచేసి దీన్ని నిలబెట్టింది మీరు. ఆయన తుపాకీ ఎక్కడుంది?"

క్లైవ్ తప్పు ఒప్పుకున్నాడు. షెడ్డులో దుంగల కింద ఉందన్నాడు. డగ్, వెర్న్ కలిసి వెళ్లి తెచ్చారు. వెర్న్ దాన్ని రెండు చేతులా హెర్బ్‌కు అందించి, తప్పు తనదేనంటూ క్షమించమన్నాడు.

హెర్బ్ తుపాకీని భుజాన వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, వరసల మధ్యనుంచి వేదిక దాకా నడిచాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే హాల్లోని పాత సైనికులందరూ లేచి నిలబడ్డారు.