అంజినమ్మ ముట్టని దారం

ఆ పొద్దున కూడా నగర్తపేటలో ఓబళప్ప ఇల్లు రోజూలాగే నిద్ర లేచింది. ఓబళప్ప గోడకానుకుని, కాలి బొటనవేలికి పట్టుదారం తగిలించి తాడు అల్లుతున్నాడు. భార్య సుబ్బలక్ష్మమ్మ పక్కన కూర్చుని దారాలకు పసుపు పూస్తోంది. నగలకు పట్టుతాళ్ళు, పెళ్ళికూతుళ్ళకు తాళితాళ్ళు అల్లడం ముప్పై ఏళ్ళుగా వాళ్ళ జీవనం. కోడలు అంజినమ్మ మాత్రం వంటింటి గడప దగ్గర రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

నిజానికి ఆ ఇంట్లో అందరికంటే బాగా అల్లే చెయ్యి అంజినమ్మదే. పది నెలలుగా ఆ చేతికి రాళ్ళేరే పనే గతి అయింది. ఆమె మొగుడు, ఓబళప్ప కొడుకు వెంకటరమణ, యుద్ధంలో మిలిటరీ లారీ తోలడానికి పోయి బర్మా సరిహద్దులో చనిపోయాడు. శవం రాలేదు, కాగితం వచ్చింది. ఆ కాగితం వచ్చిన రోజునే అత్త ఆమె ముందునుంచి దారాల బుట్ట తీసేసింది. మొగుడు పోయినదాని చెయ్యి తగిలిన దారం ముత్తైదువ మెడలోకి పోకూడదని ఆ పనివాళ్ళలో పట్టింపు. ఎవరు పెట్టారో మహానుభావులు, పెట్టినాక వాళ్ళకు ముద్ద ఎలా దిగిందో! పోదామంటే వర్తూరులో అన్న ఉన్నాడు గానీ, "మాకే గంజికి గతి లేదు" అని వదిన మొహం మీదే చెప్పేసింది. ఈ గడప దాటితే అంజినమ్మకు ఇంకో గడప లేదు.

ఆ ఏడు బళ్ళో ఆడపిల్లలకు కొత్త పిచ్చి పట్టుకుంది. రంగుదారాలతో సన్నటి పట్టీ అల్లి ఇష్టమైన పిల్ల ముంజేతికి కట్టడం, దానికి జతదారం అని పేరు పెట్టుకోవడం. ఓబళప్ప కూతురు మునిలక్ష్మికి పదకొండేళ్ళు. రెండిళ్ళవతల ఉండే రుక్కు అంటే దానికి ప్రాణం.

"వదినా, నాకు నేర్పియ్యి. రుక్కుకు కట్టాల," అని వారం కిందట వెంటపడింది.

"నేను దారం ముట్టకూడదు కదమ్మా."

"నువ్వు ముట్టొద్దులే. నోటితో చెప్పు, నేను అల్లుతా."

నోటికి పట్టింపు లేదు కదా అనుకుంది అంజినమ్మ. నాలుగు సాయంత్రాలు పెరట్లో కూర్చుని, చేతులు రెండూ కొంగు కింద దాచుకుని, నోటితోనే నేర్పింది. నాలుగు పోగులు బొటనవేలికి తగిలించుకో. నడిమి రెండూ కదలకూడదు, పక్క రెండే పని చేస్తాయి. ఎడమ పోగును నడిమివాటి మీదుగా తీసుకుపో, కుడి పోగు దాని మీదికి వచ్చి, నడిమివాటి కిందగా దూరి, ఎడమ సందులోంచి పైకి రావాల. రెండూ ఒకే బిగువుతో లాగు. తర్వాతి ముడి కుడినుంచి, ఆ పైది మళ్ళా ఎడమనుంచి. మొదట్లో పిల్ల చేతిలో అన్నీ చిక్కులే. నాలుగో రోజుకు ఎరుపు, పచ్చ కలిసిన ముచ్చటైన పట్టీ తయారైంది.

ఆ పట్టీనే ఇప్పుడు రుక్కు తల్లి నాగమ్మ, రెండు ముక్కలు చేసి పట్టుకుని, వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"సుబ్బలక్ష్మక్కా! ఇదేమో చూడు. మా రుక్కు చేతికి ఉండె. ఎవురు నేర్పించినారే అంటే మునిలక్ష్మి వాళ్ళ వదిన అనె. ఇంట్లో పెద్దదాని పెండ్లి పెట్టుకొని ఉండాము. ముండమోసినామె అల్లిన దారం మా ఇంట్లోకి పంపిస్తారా మీరు?"

"అయ్యో, నాకు తెలీదు నాగమ్మా..."

"తెలీకనే అల్లించినారా? రేపు మా పెద్దదాని తాళితాడు కూడా ఈమె చేతనే అల్లిస్తే మాకేం తెలుస్తుంది? మీ తాడూ వద్దు, మీ సావాసమూ వద్దు. వేరే చోట తెప్పించుకుంటాము."

ముక్కలు నేల మీద పడేసి వెళ్ళిపోయింది. ఇక పేటంతా టముకు వేసినట్టే. సుబ్బలక్ష్మమ్మ కోపం కోడలి మీదికి మళ్ళింది.

"నా ఇల్లు ముంచేస్తివి కదే! దారం ముట్టొద్దని ఎన్ని తూర్లు చెప్పినాను?"

"ముట్టలేదత్తా. అమ్మాయే అల్లింది."

"పదకొండేండ్ల దానికి ఈ బిగువు వస్తాదా? నా కండ్లు ఇంకా పోలేదు. నా కొడుకును మింగింది సాలదా నీకు?"

"సుబ్బీ, కొంచెం నిదానంగా..." అన్నాడు ఓబళప్ప.

"నువ్వు సుమ్మనుండు! రేపు పొద్దున బండికి వర్తూరు పంపించెయ్. అన్న ఇంట్లో ఏమన్నా అల్లుకోనీ."

అంజినమ్మ చేతులు కొంగు కిందికి పోయాయి. మునిలక్ష్మి మాత్రం తల్లి కొంగు పట్టుకుని ఊపేసింది. "నేనే అల్లినానమ్మా! దేవుని మీద ఒట్టు. ఇప్పుడే అల్లి చూపిస్తా."

"చూపించు. చూస్తాను నేనూ," అంది తల్లి.

పిల్ల నాలుగు పోగులు బొటనవేలికి తగిలించుకుంది. తల్లి నెత్తిన నిలబడి ఉంటే ఎవరికి మాత్రం చేతులాడతాయి? ఒక ముడి పడింది. రెండోదీ ఎడమనుంచే వేసింది, మూడోదీ ఎడమనుంచే. పట్టీ మెలి తిరిగిపోయింది. కన్నీళ్ళకు పిల్లకు దారమే కనబడటం లేదు.

"చూసినావా? రాదు దీనికి. అల్లింది నువ్వే," అంది సుబ్బలక్ష్మమ్మ.

అప్పుడు వంటింటి గడప దగ్గరనుంచి అంజినమ్మ గొంతు వినిపించింది. లేవలేదు, దగ్గరికి రాలేదు. చేతులు కొంగు కిందే ఉన్నాయి.

"మునీ, కండ్లు తుడుచుకో. అన్నీ ఎడమనుంచే వేస్తే మెలి పడతాదని చెప్పలే? రెండు ముడులు విప్పు. ఆ... ఇప్పుడు కుడినుంచి. అంత బిగించొద్దు, నడిమి పోగు ముడుచుకుంటా ఉండాది. ఇప్పుడు ఎడమ. మళ్ళా కుడి. అంతే, బంగారుకొండ."

పట్టీ దారికొచ్చింది. నాలుగు వేళ్ళ పొడవున తిన్నగా, చదునుగా దిగింది. సుబ్బలక్ష్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అంచులు తడిమి చూసింది. నేల మీది ముక్కలు తీసి పక్కన పెట్టి చూసింది. అదే బిగువు, అదే చెయ్యి. ఆ చెయ్యి తన కూతురిదే.

ఆమె నెమ్మదిగా గడప దగ్గరికి నడిచి, కోడలి కొంగు పక్కకు తీసింది. అంజినమ్మ రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. విడదీస్తే అరచేతుల్లో గోళ్ళు దిగిన గుర్తులు, కొత్తవి, పాతవి.

"ఇదేమే? ఏమిటికి ఇట్ల పట్టుకొని ఉండావు?"

"వదిలేస్తే దారం మీదికి పోతాయత్తా," అంది అంజినమ్మ.

సుబ్బలక్ష్మమ్మ అక్కడే, బియ్యం చేట పక్కనే కూలబడింది.

"నీ పెండ్లికి తాళితాడు అల్లింది ఎవురే?" అంది. "నేనే కదా. తలకు పోసుకొని, దేవునికి దండం పెట్టుకొని, ముత్తైదువ చేత్తో అల్లితిని. ఏం నిలబెట్టె నా చెయ్యి? నా బిడ్డను ఆపగలిగెనా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "కాగితం వచ్చిన దినం నాకు ఎవురి మీదన్నా పడి కొట్టాలనిపించె. నువ్వు ఎదురుగా ఉంటివి. అంతేనే, ఇంకేం లేదు. వాడి పీనుగునైనా చూసింటే కడుపారా ఏడ్చేదాన్ని. చూడలేక నీ చేతులు విరగ్గొడ్తిని."

అని లేచి, దేవుడి పటం ముందునుంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసి మెడలో కట్టుకుంది. పాత తాడునుంచి తాళిబొట్లు విప్పి కోడలి ఒళ్ళో పెట్టింది. పక్కన పసుపు దారాల బుట్ట పెట్టింది.

"నా తాడు పీలికలై ఉండాది. కొత్తది అల్లు."

అంజినమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దత్తా! మామకేమన్నా అయితే?"

"అరవై దాటినాయమ్మా నాకు," అన్నాడు ఓబళప్ప. "ఏమన్నా అయితే వయసు మీదికి తోసెయ్యండి. నువ్వు అల్లు."

"నాగమ్మ చూసిందంటే పేటలో ఒక్కరూ మన గడప తొక్కరు మామా."

"తొక్కకుంటే గంజి తాగుదాము. నలుగురమూ తాగుదాము," అంది సుబ్బలక్ష్మమ్మ.

అంజినమ్మ దారం చేతిలోకి తీసుకుంది. రెండు ముడులు వేసింది. మూడోది వెయ్యలేకపోయింది. మొగుడి పేరు ఏనాడూ నోటితో పలకని మనిషి, "వెంకటరమణా!" అని పేరు పెట్టి, వీధికి వినబడేలా ఏడ్చింది. పది నెలల్లో ఆ ఇంట్లో ఆమె గట్టిగా ఏడవడం అదే మొదలు. సుబ్బలక్ష్మమ్మ ఊరుకోమని అనలేదు. కోడలిని ఒళ్ళోకి లాక్కుని తనూ ఏడ్చింది.