పూజలో పెట్టిన పుస్తకాలు

ఆయుధపూజ నాటి పొద్దున సహన లేచేసరికి అలమారు బోసిగా ఉంది. పరిశోధన పుస్తకాలన్నీ సరస్వతి పటం ముందు కుంకుమా చామంతులూ మోస్తూ దొంతరగా కూర్చున్నాయి.

"అమ్మా! మధ్యాహ్నం నా పీహెచ్‌డీ వైవా. విదేశంలో ఉండే ప్రొఫెసరుకు ఇవాళే వీలంట. నోట్సంతా వాటిల్లోనే ఉండాది!"

"పూజలో పెట్టినాక రేపు దశమి దాకా ముట్టకూడదు," అంది భాగీరథమ్మ చిత్రాన్నం కలుపుతూ.

ఎడారి మునుల మాటల నుంచి తెలుగు కీర్తనల దాకా, క్రైస్తవులు శతాబ్దాలుగా రాసుకున్న సాహిత్యం మీద సహన పరిశోధన. ఏటా ఈ రోజున "వీటినీ పెట్టమ్మా" అని బతిమాలితే, "ఆ మతం పుస్తకాలు మన సరస్వతికెందుకే?" అని భాగీరథమ్మ చెప్పుల స్టాండు వైపు నెట్టేది. ఈ ఏడు మాత్రం అడక్కుండానే పెట్టింది. పట్టా వస్తే పిల్ల క్రైస్తవుల సెమినరీలో పాఠాలు చెప్పబోతుందనీ, అది తెలిస్తే కుదరబోయే కోలారు సంబంధం తప్పిపోతుందనీ ఆమె భయం.

చిక్కపేటలో గుడ్డలంగడి నడిపే సహన తండ్రి ఆదినారాయణప్పకు చిక్కులన్నీ ఇంట్లోనే. "పీహెచ్‌డీ అంటే పెళ్ళి హుళక్కి డిగ్రీ అని నేనూ ఎగతాళి చేసినా. కానీ భాగీ, ఇది పూజ కాదే, పూడ్చడం!"

"మీరు ఊరికే ఉండండి! మీ చలువతోనే అది నెత్తికెక్కె."

"నిన్నటిదాకా మైలంటివే అమ్మా. ఈ పొద్దు పోయిందా మైల?"

"పోయింది! నీ పెళ్ళయ్యేదాకా పోయినట్లే!"

సహన దొంతర మీదికి చెయ్యి చాచింది. ఏ ఏడూ దశమికి ముందు పూజలోంచి ఒక్క పుస్తకమూ లాగి ఎరగదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం లాప్‌టాప్ తెర మీద ఆ ప్రొఫెసరు పెద్దాయన అడిగాడు. "మీరు ఉదహరించిన ఆ పాత కీర్తనల ప్రతి చూపండమ్మా."

"చూపలేను సార్. మా ఇంట్లో ఇవాళ వాటికి పూజ. మా అమ్మే సరస్వతి ముందు పెట్టింది."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "క్రైస్తవుల పుస్తకాలకా! అమ్మగారికి నా నమస్కారం చెప్పండి."

వంటింటి గడపలో భాగీరథమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నమస్కారం దక్కింది గానీ పట్టా దక్కలేదు. తర్వాతి ప్రశ్నలకు సహన తడబడింది. ఆధారాలతో వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు.

లాప్‌టాప్ మూసి మంచం మీద ముడుచుకున్న కూతురి దగ్గరికొచ్చింది తల్లి.

"నేనా పుస్తకాలు మర్యాదకు పెట్టలేదే."

"తెలుసమ్మా."

"మరి వాళ్ళకట్ల చెప్తివే?"

"నీ మీద కోపం నాది. ఊరికెందుకు పంచేది?"

భాగీరథమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. తలెత్తకుండా అడిగింది. "ఆ రాసినోళ్ళలో అమ్మను గురించి రాసినోళ్ళుండారా?"

"ఉండారు. ఒకమ్మ ఏడ్చి ఏడ్చి బిడ్డను దారికి తెచ్చుకుందని ఆ బిడ్డే రాసినాడు."

"బిడ్డ దారికి అడ్డం పడినమ్మను గురించి?"

సహన మంచం మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.