బొటనవేలే దానికి బ్రేకు

"ఇవాళ వాడు ఏటికి వెళ్తే ఏదో ఒకటి జరుగుతుంది, చూస్తూ ఉండు," అంది తల్లి, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

అప్పటికింకా ఏమీ జరగలేదు. స్టవ్వు మీద టీ కూడా మరగలేదు. కోడలు మంట తగ్గించి, "అత్తయ్యా, మొన్న పై ఇంటివాళ్ళ బాల్కనీ కూలుతుందన్నారు. నిన్న సిలిండరు పేలుతుందన్నారు. రెండూ నిక్షేపంలా ఉన్నాయి," అంది.

"అవి ఉన్నాయని ఇదీ ఉంటుందా? వెళ్ళొద్దని మీ ఆయనకి చెప్పు."

"ఆ గదిలోనే ఉన్నారుగా. మీరే చెప్పండి."

ఆవిడ చెప్పలేదు. ఎనిమిది నెలలుగా కొడుకు ఆవిడతో "ఊఁ" తప్ప మరో మాట ఆడలేదు. ఏం కావాలన్నా మధ్యలో కోడలే. అన్నం తిన్నావా అన్న ప్రశ్న ఇటునుంచి అటు, తిన్నానన్న జవాబు అటునుంచి ఇటు మోసీ మోసీ, "నాకు బంట్రోతు జీతమైనా ఇప్పించండి," అనేది ఆ పిల్ల. ఆ ఇంట్లో నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎనిమిది నెలల కిందట, ఇలాంటి సెలవురోజునే, ఆవిడ భర్త గాలం తీసుకుని ఏటి కట్ట దగ్గరికి వెళ్ళి తిరిగి రాలేదు. నాచు పట్టిన రాయి మీద కాలు జారింది. మనిషి దొరకడానికి సాయంత్రమైంది. గాలం మాత్రం ఒడ్డునే దొరికింది.

ఆయన గడియారాలు బాగుచేసేవారు. చేపలకీ పాతకాలపు సామానే వాడేవారు. వెదురు కర్ర, నీళ్ళ మీద తేలే ఈక బెండు, ప్రతిసారీ కిటికీ ఊచలకి చుట్టి ఆరబెట్టాల్సిన పట్టుదారం. అన్నిటికన్నా ప్రాణం, దారం చుట్టుకునే ఆ ఇత్తడి రీలు. మధ్యలో ఒక్క ఇరుసు మీద తిరిగే ఉత్త చక్రం. పళ్ళూ లేవు, బ్రేకూ లేదు. ప్రవాహం బెండుని లాగుతుంటే చక్రం దానంతటదే తిరుగుతుంది, అంచు మీద ఆనించిన బొటనవేలే దానికి బ్రేకు. ఆ వేలు తియ్యాల్సి వస్తే మాత్రం వెనకనున్న చిన్న మీట జరపాలి. అప్పుడు చక్రం వదులుగా పరుగెత్తకుండా కిరకిరమంటూ పట్టుకుంటుంది. తుమ్మొచ్చినా సరే, మీట జరపందే ఆయన వేలు తీసేవారు కాదు.

ఆ రీలు పట్టుకుని కొడుకు ముందుగదిలోకి వచ్చాడు. తండ్రిలాగే వేలితో అంచుని మీటాడు. ఒకసారి మీటితే రెండు నిమిషాలు తిరిగే చక్రం పావు చుట్టు కూడా తిరగకుండా బిగుసుకుపోయింది.

"దీన్నెవరు ముట్టుకున్నారో అడుగు," అన్నాడు పెళ్ళాంతో.

కోడలు నోరు తెరిచేలోపే మిషను చప్పుడు ఆగింది.

"నేనే. జాకెట్లకి పూసలతికించే జిగురు పోశాను. సీసాలో సగం."

"అయ్యో, అదేం పని అత్తయ్యా. మావయ్యగారు దాన్ని చంటిపిల్లలా చూసుకునేవారు."

"అందుకే పోశాను. ఒకర్ని మింగింది చాల్లేదా? కావాలంటే నన్ను తిట్టమను, చేతిలో ఉన్నది నా మొహాన కొట్టమను. ఏదో ఒకటి అనమను."

అతను తిట్టలేదు, కొట్టలేదు. తండ్రి పనిబల్ల దగ్గర కూర్చుని, ఆయన భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. లేతు మిషను మీద ఇనుము చెక్కే ఆ చేతులతో సూది అందుకున్నాడు. కోడలు గోళ్ళరంగు తుడిచే మందు తెచ్చి పక్కన పెట్టింది. అతను చుక్క చుక్కగా ఇరుసులోకి వదులుతూ సూదిమొనతో జిగురు గీకసాగాడు.

తల్లి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళకి మొదటిసారి మధ్యలో మనిషి లేకుండా మాట్లాడింది.

"నాకు తెలుసురా నువ్వెందుకు మాట్లాడవో. ఆ రోజు మీ నాన్నకి తొమ్మిదిసార్లు ఫోను చేశాను. మబ్బు పట్టిందని ఒకసారి, గొడుగు మర్చిపోయారని ఒకసారి. మిగతావి ఎందుకో నాకే తెలీదు. ఎనిమిది మోగాయి. తొమ్మిదోది మోగలేదు. జేబులోంచి ఫోను తియ్యబోయే జారిపోయి ఉంటారు. ఏమవుతుందో ఏమవుతుందో అని నేనే చేతులారా చేసుకున్నాను. నీకూ అదే అనిపిస్తోంది. ఆ మాటేదో అనెయ్యరా. అనకుండా నా కళ్ళముందు తిరుగుతుంటే భరించలేకపోతున్నాను."

అతను సూదితో గీకుతూనే ఉన్నాడు. పొయ్యి మీద టీ పొంగిపోయినా ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఇరుసు వదులైంది. చక్రం తుడిచి, కూర్చి, వేలితో మీటాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది. ఆగేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు.

అతను వెనకనున్న మీట జరిపి మళ్ళీ తిప్పాడు. కిరకిరమంది. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"తియ్యబోయి జారలేదమ్మా. తీశాడు," అన్నాడు. "నీకు తియ్యలేదు. నాకు తీశాడు."

"నీకా? నీకూ ఎత్తలేదన్నావుగా."

"అబద్ధం చెప్పాను. సెలవైనా ఆ రోజు నేను పనికెళ్ళానుగా, నువ్వు లేతు షాపుకి ఫోను చేసి నన్నూ చెయ్యమన్నావు, చేశాను. ముందు ఈ చప్పుడు వినపడింది. మీట జరిపాకే మాట్లాడాడు. తర్వాత నీళ్ళ చప్పుడు. నీ తొమ్మిదోది ఆ తర్వాతది. నీతో నోరు విప్పితే ముందు ఇదే వచ్చేస్తుందని..."

తల్లి లేచి వాడి తలని పొట్టకి హత్తుకుంది. తొమ్మిది ఫోన్ల భారం దిగింది కానీ, అంతకన్నా పెద్దది వాడి వీపు మీద కనిపించింది. ఇంతకాలం పక్కగదిలోనే ఉన్నాడు. ప్రపంచంలో లేని ప్రమాదాలన్నీ ఊహించిన మనిషి ఈ ఒక్కటీ ఊహించలేకపోయింది.

"చెయ్యమన్నది నేనేరా, నాయనా. తప్పు నీది కాదు," అని వాడి జుట్టు నిమిరింది. తర్వాత భయపడుతూనే అడిగింది. "ఏమన్నారు మీ నాన్న?"

వాడు ఆవిడ చీరచెంగు పిడికిట్లో పట్టుకున్నాడు. కోడలు వచ్చి కిందే కూర్చుని అతని మోకాలి మీద చెయ్యేసింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు. బల్ల మీద, కీ ఇవ్వని గడియారాలు తలోవేళా చూపిస్తున్నాయి.

"సామాను సర్దేస్తున్నానని చెప్పరా మీ అమ్మకి, అన్నాడు," అన్నాడు చివరికి, ఆవిడ చీరలోనే మొహం దాచుకుని. "అరగంటలో వచ్చేస్తాను, టీ పెట్టి ఉంచమను, అన్నాడమ్మా."