ఏ అద్దం బాగుంది పెద్దమ్మా?

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అత్తగారు, అందరికంటే ముందు విసుక్కునేది కొడుకు. ఆ ఇద్దరి మధ్య కోడలు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని కూతురి జడ అల్లుతూ ఉంటుంది. ఆ రోజూ అంతే. కాకపోతే అత్తగారు టీ వంపుతూ కప్పులో సగం, గట్టు మీద సగం పోశారు. ఎవరూ చూడలేదనుకుని గబగబా గుడ్డతో తుడిచేశారు. కొడుకు చూశాడు.

"చెయ్యి కాలిందా అమ్మా?"

"లేదురా. కప్పు కదిలింది."

"కప్పులు వాటంతటవే కదలవమ్మా." మాట తల్లితో, చూపు మాత్రం భార్య మీద. "డాక్టరు సంగతి ఏమైంది?"

కోడలు ఫోను వైపు చూపించి, ఆగమన్నట్టు వేలెత్తింది.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. అవతలి మనిషి "హలో" అంటే చాలు, నవ్వి వచ్చాడో ఏడ్చి వచ్చాడో చెప్పగలరు. ఆవిడవి పాముచెవులని ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే గుసగుసలు కూడా మేడ మీదకెళ్ళి పెట్టుకుంటారు. కళ్ళే కొంతకాలంగా మసకబారుతున్నాయి. పాత కంటి డాక్టరు పెద్దాయన, మంచివాడు. ఎప్పుడు వెళ్ళినా పరీక్ష చేసి, కొత్త అద్దాలు రాసి, "భేషుగ్గా ఉంది పెద్దమ్మా" అని పంపేవాడు. అద్దాలు మారేవి కానీ మసక మారేది కాదు. వయసు కాబోలు అని ఆవిడే సరిపెట్టుకునేవారు.

ఈమధ్యే కోడలు రంగుల కంపెనీ ల్యాబులో చేరింది. దాంతో ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు మారింది. ఆ కొత్త ఇన్సూరెన్సులో పాత డాక్టరు లేడు. సరిగ్గా అప్పుడే, మనవరాలిని బడికి తీసుకెళ్తుంటే పక్కనుంచి వచ్చిన సైకిలు ఆవిడకి ఆనలేదు. దెబ్బేమీ తగల్లేదు గానీ కొడుకు హడలిపోయి, ఇక బడికి తానే తీసుకెళ్తానన్నాడు. ఆవిడ సరేనన్నారు. ఏ మాటకైనా సరేననడమే ఆవిడకి అలవాటు. కానీ ఆ ఇంట్లో ఆవిడ చేతిలో ఉన్న పెద్ద పని అదొక్కటే. ఇవాళ బడి పోయింది, రేపు వంటిల్లు పోతుంది, ఆ తర్వాత మంచమే మిగులుతుందని ఆవిడ లోలోపల భయపడుతున్నారు.

కోడలు ఫోను పెట్టేసింది. "ఈయన చిన్నపిల్లలకే చూస్తాడట."

"నిన్న ఎవరో అన్నావు?"

"ఆయన ప్రాక్టీసు మానేసి తోటపని చేసుకుంటున్నాడు. అంతకుముందు చేసిన నంబరు టైర్ల షాపుది. కళ్ళ సంగతి తెలీదమ్మా, కావాలంటే గాలి కొడతాం అన్నాడు."

అత్తగారికి నవ్వొచ్చింది. కొడుక్కి రాలేదు.

"బంగారంలాంటి డాక్టర్ని పోగొట్టి జోకులేస్తున్నావా? ఉద్యోగం మారేముందు ఒక్కసారైనా అమ్మ గురించి ఆలోచించావా?"

కోడలి చేతిలో దువ్వెన ఆగింది. "ఆలోచించే మారాను. పాత ఉద్యోగంలో నేను ఇల్లు చేరేసరికి చీకటి పడేది. అంతదాకా అత్తయ్య ఒక్కరే స్టవ్వు ముందు నిలబడేవారు. వేలు కాల్చుకున్న రోజు మీరెక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? లిఫ్టులో జనం ఇరుక్కుంటే బయటికి తీస్తున్నాను. అది నా పని!"

"ఇంట్లో ఇరుక్కున్నవాళ్ళని ఎవరు తీస్తారండీ?"

మనవరాలు సగం జడతో బిక్కమొహం వేసింది. అత్తగారు కప్పు పక్కన పెట్టి ఇద్దరి మధ్యకీ వచ్చారు.

"నా కళ్ళ కోసం మీరు కళ్ళెర్ర చేసుకోకండర్రా. ఏ డాక్టరైతే ఏముంది? మీకు ఏది వీలైతే అదే నాకూ వీలు."

ఆ మాటతో గొడవ ఆగింది కానీ తీరలేదు. కొడుకు టిఫిను ముట్టకుండా వెళ్ళిపోయాడు. కోడలు మాత్రం మధ్యాహ్నం అన్నం తినే వేళంతా ఫోనుకే ధారపోసి, చివరికి స్టేషనరీ షాపు మేడ మీద కొత్తగా క్లినిక్ పెట్టిన ఒక డాక్టరమ్మను పట్టుకుంది. ఇంటికి రాగానే ఆ విషయం చెబితే అత్తగారి మొహం విప్పారింది.

"రానన్నవాళ్ళని కూడా లైన్లోకి లాగేదాన్ని నేను ఉద్యోగంలో ఉండగా. నువ్వు నన్ను మించిపోయావే!"

క్లినిక్‌కి ముగ్గురూ వెళ్ళారు. కొడుకు సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు, మొహం మాత్రం ఇంకా మాడ్చుకునే ఉన్నాడు. మెట్లెక్కేటప్పుడు బోర్డు మీద డాక్టరమ్మ ఫోటో చూసి, "పిల్ల డాక్టరులా ఉంది" అని గొణిగాడు. అత్తగారి పాముచెవులకి వినబడింది. వినబడనట్టు ఊరుకున్నారు.

డాక్టరమ్మ ఆవిడ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో ఒక్కో అద్దమే మార్చడం మొదలుపెట్టింది.

"ఏ అద్దం బాగుంది పెద్దమ్మా? ఇదా... ఇదా?"

"రెండోదమ్మా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మొదటిది."

జవాబులు టకటకా వస్తున్నాయి. ఇంత చురుగ్గా చెప్పేవాళ్ళని చూడలేదన్నట్టు కొడుకు గర్వంగా సర్దుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ కనుబొమలు మాత్రం దగ్గరపడ్డాయి. ఇంకోసారి అడిగింది. "రెండోది" అన్నారు అత్తగారు.

"పెద్దమ్మా, ఈసారి నేను అద్దం మార్చనేలేదు. రెండుసార్లూ ఒకటే పెట్టాను."

పరీక్షలో చూసిరాస్తూ దొరికిపోయిన పిల్లలా అత్తగారు ఒళ్ళోకి చూసుకున్నారు.

"రెండోసారి అడిగినప్పుడు నీ గొంతు కాస్త తేలికైంది తల్లీ. నీకు అదే నచ్చిందేమో అనుకున్నా."

"పాత డాక్టరు గారి దగ్గరా ఇంతేనా?"

"ఆయన పెద్దాయన. బయట బోలెడుమంది కాచుకుని ఉంటారు. ఇది కాదు, అది కాదని ఆయన్ని విసిగించడం ఎందుకని... ఆయన గొంతు ఎటు మొగ్గితే అటే చెప్పేదాన్ని. పాపం, సంతోషించేవాడు."

కోడలికి ముందు నవ్వొచ్చింది. అది పెదాల దాకా రాకముందే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అత్తయ్య ఎంత సర్దుకుపోతారో!" అని తను అందరికీ గొప్పగా చెప్పుకునేది. సర్దుకుపోవడమంటే ఇన్నాళ్ళూ మసకలో బతకడమని ఇప్పుడు తెలిసింది. కొడుకు కుర్చీలో ముందుకి వంగి అమ్మ వైపు చూశాడు. తను బంగారమన్న డాక్టరు దగ్గర కూడా అమ్మ తనకి కావలసింది నోరు తెరిచి అడగలేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇక నేను నోరు విప్పను. బాగుంటే చెయ్యెత్తండి, బాగోకపోతే తల అడ్డంగా ఊపండి. ఎన్నిసార్లు ఊపినా నేను విసుక్కోను."

అద్దం మారింది. అత్తగారు భయంభయంగా తల అడ్డంగా ఊపారు. ఎవరూ కోప్పడలేదు. మళ్ళీ మారింది, మళ్ళీ ఊపారు, ఈసారి కాస్త గట్టిగా. అలా వద్దు వద్దంటూ పోయి, ఒకచోట ఆవిడ చెయ్యి ఆవిడకి తెలియకుండానే పైకి లేచింది. గోడ మీద అడుగున ఉన్న అక్షరాలు ఎవరూ అడగకుండానే చదివేశారు.

తర్వాత చుక్కలు వేసి లోపలంతా చూసింది డాక్టరమ్మ. "శుక్లం ఇప్పుడిప్పుడే మొదలైంది, దానికి తొందరేం లేదు. మిగతా మసకంతా అద్దాలదే. మీ పాత డాక్టరు గారిని ఏమీ అనకండి. మనం ఏం చెబితే ఆయన అదే కదా రాసేది! కొత్తవి పెట్టుకుని చక్కగా తిరగండి పెద్దమ్మా."

"మనవరాలిని బడికి తీసుకెళ్ళచ్చా?"

"బ్రహ్మాండంగా."

ఆ మాట కోసమే అన్నాళ్ళూ కాచుకున్నట్టు ఆవిడ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

అద్దాలు తయారైన రోజు సాయంత్రం కళ్ళజోళ్ళ షాపులో కొడుకే తన చేత్తో జోడు పెట్టి, పేపరు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. "చదువమ్మా, చిన్న అక్షరాలు!"

అత్తగారు పేపరు వైపు చూడలేదు. పక్కనే నవ్వుతూ నిలబడ్డ కోడలిని చూశారు. చూసి, చూసి, దగ్గరికెళ్ళి ఆమె గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పారు.

"ఏంటే ఇది? ఎప్పట్నుంచే కళ్ళ కింద ఈ నల్లటి చారలు? బుగ్గలేవీ? ఇంత చిక్కిపోయావేంటే?"

"ఏం లేదత్తయ్యా, బాగానే ఉన్నాను."

"ఊరుకో. ఆ గొంతే నన్ను మోసం చేసింది. ఎప్పుడు పలకరించినా నవ్వుతూనే పలికేదానివి. అది విని బాగున్నావనే అనుకున్నాను. నా కళ్ళ కోసం తిరిగి తిరిగి నీ కళ్ళు ఇలా చేసుకున్నావా తల్లీ?" ఆవిడ కొడుకు వైపు తిరిగారు. "నాకైతే మసక, నీకేమొచ్చిందిరా? రోజూ ఎదురుగా ఉండే మనిషిని చూడలేదా?"

కొడుకు చేతిలో పేపరు కిందికి దిగింది. కోడలి మొహంలోకి చూశాడు, నిజంగానే చూశాడు. "తప్పు నాదే" అన్నాడు మెల్లగా. "ఆ రోజు అనరాని మాటలన్నాను. నీ ఉద్యోగం పుణ్యమా అని అమ్మకి చూపొచ్చింది. ఆ మాట నేను ఎప్పుడో చెప్పాల్సింది."

కోడలు అలవాటుగా నవ్వబోయింది, నవ్వు రాలేదు. అత్తగారి భుజం మీద తల ఆనించింది.

"చాలా అలిసిపోయానత్తయ్యా."

ఆ గొంతులో నవ్వు లేదు. అత్తగారికి ఆ గొంతే నచ్చింది. కోడలి తల నిమురుతూ అక్కడే, షాపు మధ్యలో, చాలాసేపు నిలబడ్డారు.