గురునాథం పడవకు చోటు

“సార్, నా పడవ సేవ్ అవట్లేదండి!”

గురునాథం కేక వినగానే సువార్త తల దించుకుంది.

డిస్కు నిండిపోయిందని కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషులో కనిపిస్తోంది. రేపల్లెలోని ఆ బడికంతటికీ ఉన్నది అదొక్కటే కంప్యూటర్, అదీ పాతది. ఇంకాసేపట్లో కరెంటు కోత. ఆలోగా సేవ్ చేయకపోతే, గురునాథం పొద్దుటి నుంచి కూర్చుని వేసిన పడవ బొమ్మ పోయినట్టే.

గురునాథం అడవులదీవి నుంచి కొత్తగా వచ్చాడు. అంతకుముందు ఆరో తరగతిలో బొమ్మలంటే సువార్తే. వీడు మౌసు పట్టాడో లేదో, అందరూ వీడి చుట్టూ మూగారు. లాజరు సార్ కూడా “భలే!” అన్నారు. సువార్త వేసిన చిలకను చూసి ఆయన ఏనాడూ అలా అనలేదు. సువార్తకు ఒళ్లు మండిపోయింది. ఆ అసూయతో అన్నం కూడా సయించలేదు.

అందుకే నిన్న ఒక పని చేసింది. బాపట్ల బస్సులో సీట్లన్నిటి మీదా చేతిరుమాళ్లు పరిచినట్టు, ఒక్క చిలకనే రకరకాల పేర్లతో మళ్లీ మళ్లీ సేవ్ చేసింది. డిస్కులో ఉన్న కాస్త ఖాళీ అయిపోయింది.

లాజరు సార్ పడవను అలాగే ఉంచి, పక్కన ఫైళ్ల జాబితా తెరిచారు.

“పిల్లల మార్కులున్న ఫైళ్లు తీయకూడదు. ఏంటమ్మా సువార్తా, ఇవన్నీ నీ బొమ్మలేనా? రెండు మూడు తీసేద్దామా?”

గురునాథం కళ్లింత చేసుకుని చూశాడు. “అబ్బో, ఇన్ని బొమ్మలు వేసిందా! వద్దండి సార్, పాపం కష్టపడి వేసుకుంది. నా పడవ పోతే పోనీండి. మళ్లీ వేస్తా.”

అన్నాడే గాని, తెర మీది పడవ మీంచి చూపు తిప్పుకోలేదు.

సువార్తకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఉండలేకపోయింది.

“సార్, అవన్నీ ఒకటే చిలకండి. వాడి బొమ్మకు చోటుండకూడదని నేనే నింపేశానండి.”

సార్ ఒక్క క్షణం ఆమెను చూసి, కుర్చీలోంచి లేచారు.

సువార్త కూర్చుని చిలకలను ఒక్కొక్కటిగా తీసేసింది. ఒక్కదాన్ని ఉంచింది. తర్వాత తన చేత్తోనే పడవను సేవ్ చేసింది. ఈసారి డిస్కు పేచీ పెట్టలేదు.

అంతలోనే కరెంటు పోయింది.

“అయితే ఇన్నాళ్లూ నువ్వు కంప్యూటర్లో వేసింది ఒక్క బొమ్మేనా?” గురునాథం ఆశ్చర్యంగా అడిగాడు.

“ఒక్కటే.”

“ఇప్పుడు బోలెడు చోటుందిగా! రేపు రెండోది వెయ్యి.”

సువార్త మెల్లగా తలెత్తింది.

“పడవ ఎలా వెయ్యాలో నాకు చూపిస్తావా?”