షిఫ్టుకో ఎత్తు

“ఒక్కన్ని తీసేసినా అందరం గేటు బయట్నే కూసుంటం!” అని యూనియన్ మీటింగులో దయాకర్ పిడికిలెత్తి మాటిచ్చాడు. ఉప్పలయ్యను పనిలోంచి తీసేసిన మర్నాడు అందరికంటే ముందు లోపలికి వెళ్ళింది అతనే.

నాచారం మందుల ఫ్యాక్టరీలో ఇద్దరూ ఇరవై ఏళ్ళకే చేరారు. షిఫ్టులు వేరు. అందుకే లాకర్ల గదిలో చదరంగం పరిచి, షిఫ్టుకో ఎత్తు వేసుకునేవాళ్ళు. ఒక్కో ఆట నెల నడిచేది.

“నీ మంత్రి పోయిండు బావా, ఇంటికి పోయి పండుకో!” అనేవాడు ఉప్పలయ్య, షిఫ్టు మారేటప్పుడు.

“నవ్వు, నవ్వు. రేపు నీ రాజుకు దినం జేస్త.”

‘గొడవంతా ఉప్పలయ్యే రేపుతున్నాడు’ అని మేనేజరుకు అంతకుముందే కాగితం రాసి, సంతకం పెట్టి ఇచ్చింది దయాకరే. ఆ సంతకం ఎవరిదో ఉప్పలయ్యకు చివరిదాకా తెలియదు. పని లేక, జబ్బుపడి, చిల్కానగర్ అద్దె గదిలో పోయాడు. దయాకర్ మట్టికి వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్తాడు? ‘అమరుడికి జోహార్లు, కార్మిక ఐక్యత వర్ధిల్లాలి’ అని కరపత్రం మాత్రం అచ్చు వేయించాడు.

2013 మార్చి మొదటివారం. మధ్యాహ్నం కరెంటు పోయింది. యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. బట్టలు మార్చుకుందామని దయాకర్ లాకర్ల గదిలోకి వచ్చాడు. కిటికీ లేని గది. రోజూ ఉండే మందుల ఘాటు లేదు. తడి మన్ను వాసన...

టక్.

చెక్క మీద చెక్క పెట్టిన చప్పుడు.

సెల్‌ఫోన్ వెలిగించాడు. ఎప్పుడో మూటగట్టి బీరువా మీద పడేసిన పావులు బల్ల మీద ఉన్నాయి. ఉప్పలయ్యను తీసేసిననాడు ఆగిపోయిన ఆట ఆగినచోటే ఉంది. ఎత్తు వేయాల్సింది దయాకర్. చెయ్యి దానంతటదే కదిలింది. బంటును జరిపాడు.

టక్. అవతలి గుర్రం దూకింది.

“ఇగ నాకు షిఫ్టు లేదు బావా... ఎంతసేపన్నా ఆడొచ్చు.”

దయాకర్ సెల్‌ఫోన్ వెలుగు అటు తిప్పాడు; గొంతు ఉప్పలయ్యదే, బల్లకు అవతల మనిషి లేడు.

“గా కాయితం మీద... సంతకం ఎవనిది?”

“ఉప్పలన్నా... మన కార్మిక వర్గం...”

“గా మైకు మాటలు బంద్ జెయ్యి. పేరు జెప్పు. నాకు గాదు... గేటు కాడ, అందరి ముంగట.”

కరెంటు వచ్చింది. బల్ల ఖాళీ. పావుల మూట బీరువా మీదే ఉంది. ముడి కూడా విప్పలేదు.

దయాకర్ మొలతాడుకున్న తాళంచెవితో తన లాకరు తెరిచాడు. తలుపు లోపలి వైపు మట్టివేలితో రాసిన అక్షరాలు. ఇంకా తడిగా, కిందికి జారుతూ...

‘పేరు జెప్పాలె. మార్చి 10, ఆదివారం లోపల.’