కింది రెక్క

నది ఒడ్డునున్న ఎసోపస్ అనే ఊళ్ళో డచ్చివాళ్ళ ఇళ్ళకి తలుపు అడ్డంగా రెండు ముక్కలుగా ఉంటుంది. పై రెక్క తీస్తే వెలుగొస్తుంది, కింది రెక్క మూసి ఉంచితే పందులు లోపలికి రావు. లైస్బెత్ కింది రెక్క మీద మోచేతులాన్చి, నది మీంచి పొగమంచు పాకిరావడం చూస్తూ నిలబడింది. సాయంత్రమైంది. పొయ్యి మీద పాలజావ ఉడుకుతోంది. తోలు బేరానికి పడవెక్కిన భర్త హార్మెన్ ఇంకా రాలేదు.

"పిల్లాణ్ణి పిలవ్వే," అంది అత్తగారు ఆల్తె, గరిట తిప్పుతూ. "బాతుల వెనక తిరుగుతుంటాడు. అచ్చం తండ్రి పోలిక!"

పిల్లాడు టూనిస్. పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు పెట్టాల్సిందే. వాడు పోతే తర్వాతివాడికి మళ్ళీ అదే. అలా ఇద్దరు టూనిస్‌లు పెరట్లో ఆపిల్ చెట్టు కింద మట్టిలో ఉన్నారు. మొదటివాడు జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ పోయాడు, రెండోవాడు నదిలో. మూడోవాడికైనా వేరే పేరు పెడదామని లైస్బెత్ కాళ్ళావేళ్ళా పడింది. అత్తగారు ససేమిరా అంది. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. నిన్ననే ముందుపన్ను ఊడింది.

"టూనిస్!"

"వస్తున్నానమ్మా!" కొట్టం వైపు నుంచి వినిపించింది.

హమ్మయ్య అనుకుంది. అంతలోనే...

"వస్తున్నానమ్మా!" ఆపిల్ చెట్టు వైపు నుంచి. ఆ వెనకే ఇంకో చిన్న గొంతు.

తడిమట్టి వాసన. గబగబా అడుగులు. మంచు కింది రెక్క అంచుదాకా లేచింది, వంగి చూసినా ఏమీ కనపడలేదు. చెక్క మీద గోళ్ళ చప్పుడు.

"అమ్మా, తలుపు తియ్యి."

"చలేస్తోందమ్మా..."

"నన్ను ముందు..."

"అత్తయ్యా," గొణిగింది లైస్బెత్, "ముగ్గురున్నారు."

ఆల్తె చేతిలో గరిట జారింది. "తియ్యకే! వేరే పేరుతో పిలువు. మనవాడొక్కడే పలుకుతాడు."

"వేరే పేరెక్కడుంది వాడికి? ఉండనిచ్చారా మీరు?"

లైస్బెత్ మంచులోకి వంగి అడిగింది. "నాన్నా... నిన్న నీకేం ఊడింది?"

"పన్నమ్మా," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

ఎవరో వెక్కివెక్కి ఏడవసాగారు. ఇక ఆ తల్లి ప్రాణం ఆగలేదు. కింది రెక్క మీంచి మంచులోకి చెయ్యి చాపింది. చల్లటి చెయ్యి... ఇంకో చల్లటి చెయ్యి... ఒక వెచ్చటి చెయ్యి. దాన్ని గట్టిగా పట్టుకుని, పిల్లాణ్ణి పైకి లాగి లోపల దించింది. పై రెక్క మూసి గడియ పెట్టింది.

బయట చిన్న చేతులు తలుపు బాదాయి. "అమ్మా, నేనమ్మా..." అన్న గొంతు చాలాసేపు ఏడ్చింది. తర్వాత దూరమైంది. తర్వాత ఏమీ లేదు.

లైస్బెత్ ఇంకా ఆ చెయ్యి వదల్లేదు. వెచ్చగా కాదు, కాలిపోతోంది. ఇంతసేపు చలిలో తిరిగిన పిల్లాడి చెయ్యి...

"జావ పెట్టు నానమ్మా," అని పిల్లాడు నవ్వాడు. ముందుపళ్ళన్నీ ఉన్నాయి.

లైస్బెత్ రెండు రెక్కలూ బార్లా తెరిచి, గొంతు చిరిగిపోయేలా మంచులోకి అరిచింది. "టూనిస్! టూనిస్!"

"ఇక్కడే ఉన్నాగా అమ్మా," అని వెనక నుంచి వినిపించింది.